స్లాబు ఎక్కడ ఆపాలి?



మన హాస్టల్‌లో చదివిన వాళ్ళందరికీ మేడమీద రెండో గది గుర్తుండే ఉంటుంది. ఆ గది పైకప్పుకి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత ఉంటుంది. వానాకాలం రాగానే ఆ గీత నల్లబడి, చినుకు చినుకుగా కారుతుంది. మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వాన పడితే ట్రంకు పెట్టెలు ఒక పక్కకి, పరుపులు ఇంకో పక్కకి జరుపుకునేవాళ్ళం. ప్రతి వేసవిలో ఎవరో ఒకరు వచ్చి కింద నుంచి సిమెంటు పూసి వెళ్ళేవారు. జూలైకల్లా గీత మళ్ళీ కనబడేది. "స్లాబు పగిలింది" అని అందరం అనుకునేవాళ్ళం.

ఇంజనీరింగ్‌లో చేరి, ఆపైన స్ట్రక్చరల్ విభాగంలో పీజీ చదువుతున్న తర్వాత ఒకసారి హాస్టల్‌కి వచ్చి టేపు పెట్టి చూశాం. ఆ గీత బీము అంచు నుంచి జానెడు దూరంలో, బీముకి సమాంతరంగా ఉంది. పగులు అయితే అంత తిన్నగా పోదు. అది పగులు కాదు, అతుకు. స్లాబు వేసిన రోజు పని అక్కడ ఆపి, మర్నాడో ఆ మర్నాడో మళ్ళీ మొదలుపెట్టారు. ఆపడం తప్పు కాదు. ఆపిన చోటు తప్పు.

ఈ వ్యాసంలో ఆ చోటు గురించే చెప్పుకుందాం. మనలో చాలామంది ఇళ్ళల్లో అమ్మానాన్నలో, అన్నలో స్లాబు పనులకు వెళ్తారు. సెలవుల్లో మనమే వెళ్ళిన రోజులూ ఉన్నాయి. కాబట్టి ఇది ఇంజనీరింగ్ చదివేవారికే పరిమితమైన పాఠం కాదు. పదో తరగతి భౌతికశాస్త్రం వస్తే చాలు, అర్థమవుతుంది.

అతుకులు ఎన్ని రకాలు?

కాంక్రీటులో నీళ్ళు కలిపిన క్షణం నుంచి గట్టిపడే క్రియ మొదలవుతుంది. పోసిన కాంక్రీటు ఇంకా మెత్తగా ఉండగానే దాని పక్కన కొత్తది పోస్తే రెండూ కలిసిపోయి ఒకే ముద్ద అవుతాయి. పాతది బిగుసుకున్నాక పక్కన కొత్తది పోస్తే రెండు ముక్కలు పక్కపక్కన ఆనుకుని ఉంటాయి తప్ప పూర్తిగా ఒకటి కావు. ఆ హద్దునే జాయింటు అంటాం.

ముందుగా అనుకుని, చోటు నిర్ణయించి, పలక కట్టి ఆపితే అది కన్‌స్ట్రక్షన్ జాయింటు. అనుకోకుండా ఏర్పడితే, అంటే మిల్లర్ చెడిపోయో, కంకర అయిపోయో, వాన వచ్చో పని ఆగిపోయి ఏర్పడితే దాన్ని కోల్డ్ జాయింటు అంటారు. ఎండకు భవనం సాగడానికి వీలుగా రెండు భాగాలను పూర్తిగా విడదీసి ఖాళీ వదిలేది ఎక్స్‌పాన్షన్ జాయింటు. అది వేరే విషయం. కన్‌స్ట్రక్షన్ జాయింటులో ఇనుము తెగదు, ఇటు నుంచి అటు అలాగే సాగుతుంది. ఈ తేడా మొదట గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికన్నా మంచిది అసలు అతుకే లేకపోవడం. మన దేశంలో ఆర్.సి.సి. పనులకు ఆధారమైన ఐ.ఎస్. 456 ప్రమాణం 2000 నాటి ప్రతిలో ఇదే మొదట చెబుతుంది: జాయింట్లు బలహీనతకు మూలం, వీలైతే వద్దు, తప్పకపోతే తక్కువగా ఉండాలి. దాని వెంటనే ఇంకో మాట ఉంది. జాయింటు ఎక్కడ రావాలో డిజైన్ చేసినవారే చూపించాలి. ఈ మాటను మరచిపోకండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

స్లాబులో రెండు బలాలు

బరువు పడినప్పుడు స్లాబులో ముఖ్యంగా రెండు పనులు జరుగుతాయి. ఒకటి వంగడం, రెండోది కోత. కోతనే షియర్ అంటారు.

వంగడం అందరికీ తెలిసిందే. రెండు ఇటుకల మీద చెక్క స్కేలు పెట్టి నడిమధ్య నొక్కితే స్కేలు కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకి బాగా ఆగుతుంది కాని సాగుడుకి ఆగదు. అందుకే సాగే వైపు ఇనుము వేస్తాం.

కోతను తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం చేయండి. పది నోటు పుస్తకాలను బీరువాలో నిలబెట్టినట్టు వరుసగా చేర్చి, ఆ వరుసను రెండు అరచేతుల మధ్య గట్టిగా అదిమి గాల్లోకి లేపండి. అదిమినంతసేపు పుస్తకాలు పడవు. ఇప్పుడు మీ స్నేహితుణ్ణి ఒక పుస్తకం మీద పైనుంచి వేలితో నొక్కమనండి. అది పక్క పుస్తకాన్ని రాసుకుంటూ కిందికి జారుతుంది. ఈ జారుడే కోత. పుస్తకాల అట్టలు గరుకుగా ఉంటే తక్కువ జారుతుంది, నున్నగా ఉంటే సులువుగా జారుతుంది.

ఒకేసారి పోసిన కాంక్రీటులో జారడానికి హద్దు అంటూ ఉండదు. కంకర రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అతుకు దగ్గర ఆ పట్టు తక్కువ. అక్కడ కాంక్రీటు రెండు పుస్తకాల అట్టల్లా ఆనుకుని ఉంటుంది. కాబట్టి అతుకుకి శత్రువు కోత. కోత తక్కువ ఉన్న చోటే అతుకు పెట్టాలి. ఇక ఆ చోటు ఏదో లెక్క వేసుకుందాం.

లెక్క

మూడు మీటర్ల దూరంలో ఉన్న రెండు బీముల మధ్య స్లాబు తీసుకుందాం. మందం 125 మి.మీ. ఆర్.సి.సి. బరువు ఘనమీటరుకి 25 కిలోన్యూటన్లు. కాబట్టి స్లాబు సొంత బరువు చదరపు మీటరుకి 0.125 × 25 = 3.125 కిలోన్యూటన్లు. పైన గచ్చుకి 1 కిలోన్యూటన్ అనుకుందాం. మనుషులు, మంచాలు, సామాన్లకు నివాస గదులకు లెక్కలో తీసుకునేది 2 కిలోన్యూటన్లు. మొత్తం 6.125. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు అనుకుంటే, చదరపు మీటరుకి ఆరువందల కిలోల పైచిలుకు.

మీటరు వెడల్పు పట్టీని చూస్తే, దాని బరువులో సగం ఈ బీముకి, సగం ఆ బీముకి పోతుంది. కాబట్టి:

బీము దగ్గర కోత 6.125 × 1.5 = 9.19 కిలోన్యూటన్లు.
బీము నుంచి 0.3 మీటర్ల దూరంలో 6.125 × 1.2 = 7.35 కిలోన్యూటన్లు.
బీము నుంచి 1 మీటరు దూరంలో, అంటే మూడో వంతు దగ్గర, 6.125 × 0.5 = 3.06 కిలోన్యూటన్లు.
నడిమధ్యన సున్న.

బీము దగ్గర ఉన్న కోతలో మూడో వంతు దగ్గరికి వచ్చేసరికి మూడో వంతే మిగిలింది. మధ్యలో ఏమీ లేదు. అందుకే అతుకును స్పాన్‌ను మూడు సమభాగాలు చేస్తే వచ్చే నడిమి భాగంలో పెట్టమంటారు. అమెరికా వారి ఏ.సి.ఐ. ప్రమాణాల్లోనూ స్లాబులకు, బీములకు చాలాకాలం ఇదే సూత్రం రాసి ఉండేది.

మరి సరిగ్గా నడిమధ్య అనకుండా "నడిమి మూడో భాగం" అని ఎందుకన్నారు? దానికి కారణాలున్నాయి. వరుసగా చాలా స్పాన్లు ఉన్న స్లాబులో చివరి స్పాన్‌లో రెండు వైపులా కోత సమానంగా ఉండదు. బయటి ఆధారం దగ్గర మొత్తం బరువులో సుమారు 0.4 వంతు, లోపలి ఆధారం దగ్గర 0.6 వంతు పడుతుంది. అప్పుడు కోత సున్న అయ్యే చోటు బయటి ఆధారం నుంచి స్పాన్‌లో 0.4 దూరంలో వస్తుంది. అది నడిమధ్య కాదు, అయినా నడిమి మూడో భాగంలోనే ఉంది. ఇంకో కారణం, మనుషులు ఎప్పుడూ సమానంగా పరుచుకుని నిలబడరు. స్పాన్‌లో సగం మీదే జనం ఉంటే నడిమధ్యన కూడా కొంత కోత వస్తుంది. పై లెక్కలో అది 2 × 3 ÷ 8 = 0.75 కిలోన్యూటన్. చిన్నదే కాని సున్న కాదు. అందుకే మధ్యలో పెట్టినా అతుకును గరుకు చేయకుండా వదలకూడదు.

ఇక్కడ ఒక సందేహం

"నడిమధ్యన వంగడం ఎక్కువ కదా, అక్కడ అతుకు పెడితే విరగదా?" అని తెలివైన విద్యార్థి ఎవరైనా అడుగుతారు. మేము కూడా క్లాసులో ఇదే అడిగాం.

సమాధానం ఇది. వంగేటప్పుడు పైభాగం నొక్కుకుంటుంది అన్నాం. నొక్కుడులో అతుకు తెరుచుకోదు, ఇంకా మూసుకుంటుంది. పుస్తకాల వరుసను అరచేతులు అదిమినట్టే. కిందిభాగం సాగుతుంది, కాని అక్కడ సాగుడును మోసేది ఇనుమే. కాంక్రీటు సాగుడులో ఏమీ మోయదనే అనుకుని డిజైన్ చేస్తాం. ఇనుము అతుకు దగ్గర తెగకుండా సాగుతోంది కాబట్టి దాని పనికి అడ్డం లేదు. అంటే వంగుడు విషయంలో అతుకు వల్ల పోయేది తక్కువ, కోత విషయంలో పోయేది ఎక్కువ.

మన గది ఎందుకు కారింది?

ఇప్పుడు రెండో గది రహస్యం విప్పుదాం. బీముల మీదుగా వరుసగా సాగే స్లాబు స్పాన్ మధ్యలో కిందికి వంగితే, బీము మీద మాత్రం ఎదురు వంపు తిరుగుతుంది. అక్కడ పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. అందుకే బీముల మీద పై కడ్డీలు వేస్తాం. ఈ ఎదురు వంపు బీము నుంచి సుమారు స్పాన్‌లో అయిదో వంతు దూరం వరకు ఉంటుంది. మూడు మీటర్ల స్పాన్‌కి అది 60 సెంటీమీటర్లు.

మన గీత బీము నుంచి జానెడు దూరంలో ఉంది. అంటే అతుకు సరిగ్గా పైభాగం సాగే చోట పడింది. సాగే చోట అతుకు పైనుంచి నోరు తెరుస్తుంది. వాన నీరు నిలిచేది పైనే. తెరిచిన నోట్లోకి నీళ్ళు దిగి, కింద మన పరుపుల మీద పడ్డాయి. కింద నుంచి ఎన్నిసార్లు సిమెంటు పూసినా నీళ్ళు పైనుంచి వస్తుంటే ప్రయోజనం ఏముంటుంది? అదే అతుకు మధ్యలో ఉంటే పైభాగం నొక్కుకుని ఉండేది, నీళ్ళకు దారి తక్కువగా ఉండేది.

కారడం చూసి ఊరుకునే విషయం కాదు. లోపలికి దిగిన నీరు కడ్డీలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. మీ గదిలో ఇలాంటి గీత దగ్గర గోధుమ రంగు మరకలు, పెచ్చులు ఊడటం, స్లాబు జారినట్టు మెట్టు కనబడటం ఉంటే మంచాలు అక్కడి నుంచి తీసి వార్డెన్ గారికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఇంజనీరు వచ్చి చూడాలి. మరమ్మతు పైనుంచి జరగాలి.

ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఆపకూడదు?

1. ఒకవైపు వంగే స్లాబు: స్పాన్‌లో నడిమి మూడో భాగంలో, బీముకి సమాంతరంగా తిన్నగా ఆపాలి. ఏటవాలుగా, వంకరటింకరగా ఆపకూడదు.

2. నాలుగు వైపులా ఆధారం ఉన్న స్లాబు: దీనిలో కూడా నడిమి మూడో భాగమే. మూలలకు దగ్గరగా ఆపకూడదు.

3. చిన్న బీము: బీము కూడా అతుకు దాటాల్సి వస్తే స్పాన్ నడిమి మూడో భాగంలో, నిలువుగా. స్లాబును, బీమును ఒకే గీతలో ఆపాలి. బీము పూర్తి లోతును వేరు వేరు రోజుల్లో సగం సగం పోయకూడదు.

4. పెద్ద బీము మధ్యలో చిన్న బీము వచ్చి కలిస్తే: అక్కడ బరువు ఒకేచోట పడుతుంది కాబట్టి కోత ఉంటుంది. చిన్న బీము వెడల్పుకి కనీసం రెండింతల దూరం జరిగి ఆపాలి. చిన్న బీము 230 మి.మీ. అయితే 460 మి.మీ.

5. బీములు లేకుండా నేరుగా పిల్లర్ల మీద కూర్చునే స్లాబు: పిల్లర్ల దగ్గర కోత చాలా ఎక్కువ. వాటికి దూరంగా, రెండు పిల్లర్ల వరుసల నడిమి భాగంలో ఆపాలి.

6. సజ్జా, బాల్కనీ: ముందుకు పొడుచుకొచ్చే భాగం మొదట్లో ఎప్పుడూ ఆపకూడదు. అక్కడ కోతా ఎక్కువే, వంగుడూ ఎక్కువే, పైభాగం సాగుడులో ఉంటుంది. బాల్కనీని దాని వెనుక స్లాబుతో కలిపి ఒకేసారి పోయాలి.

7. బాత్‌రూమ్‌లు, నీళ్ళ ట్యాంకు కింద భాగం: నీళ్ళుండే చోట అతుకు రాకుండా చూసుకోవాలి.

పెద్ద పనుల్లో డిజైనరు లెక్క చూసి, అదనపు ఇనుము ఇచ్చి, వేరే చోట జాయింటు చూపించవచ్చు. అది డ్రాయింగులో ఉంటే డ్రాయింగే పాటించాలి. అది డిజైనరు నిర్ణయం, సైటులో అప్పటికప్పుడు తీసుకునేది కాదు.

ఎలా ఆపాలి?

చోటు సరైనదైతే సగం పనే అయినట్టు. ఆపే పద్ధతి కూడా ముఖ్యం. మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు, కాంక్రీటును దానంతట అది జారినట్టు వాలుగా వదిలేయడం. వాలు చివర పలుచని అంచులో కంకర ఉండదు, పాలు మాత్రమే ఉంటాయి. మర్నాడు దాని మీద పోసిన కాంక్రీటు పొరలా నిలుస్తుంది. కాబట్టి:

కడ్డీలకు గాడులు కోసిన చెక్క పలకను నిలువుగా నిలబెట్టి, దాని దాకా కాంక్రీటు పోసి వైబ్రేటర్ పెట్టాలి. కడ్డీలు పలక గాడుల్లోంచి అవతలికి సాగాలి.

కాంక్రీటు బిగుసుకోవడం మొదలయ్యాక పలక తీసి, అతుకు ముఖం మీద తేలిన పాలను వైరు బ్రష్‌తో రుద్ది కంకర కనబడేలా చేయాలి. మరీ ముందు రుద్దితే కంకర ఊడుతుంది, మరీ ఆలస్యమైతే చెక్కాల్సి వస్తుంది. పూర్తిగా గట్టిపడితే ఉలితో గరుకు చేయాలి, అదిరేలా కొట్టకూడదు.

మర్నాడు పోసే ముందు దుమ్ము, చెక్క పొట్టు, ఊడిన ముక్కలు కడిగేయాలి. కడ్డీలకు అంటిన సిమెంటు గీకేయాలి. పాత కాంక్రీటు నీళ్ళు తాగి ఉండాలి, కాని పైన నీళ్ళు నిలబడి ఉండకూడదు.

పాలు పోయాలా? మన మేస్త్రీలు అతుకు మీద చిక్కటి సిమెంటు పాలు పోస్తారు. పోసిన వెంటనే, తడి ఆరకముందే కాంక్రీటు పడితే ఫరవాలేదు. పాలు పోసి టీకి వెళ్ళి వస్తే అది ఆరి, అతుకు కలవకుండా అడ్డుపొర అవుతుంది. పొడి సిమెంటు చల్లడం అసలు వద్దు.

కొత్త కాంక్రీటుకు అతుకు దగ్గర వైబ్రేటర్ బాగా పెట్టాలి. పాలు, ఇసుక పాత కంకర మధ్యకు చొరబడి పట్టుకోవాలి.

పని కాసేపు మాత్రమే ఆగి మళ్ళీ మొదలైతే పాత కాంక్రీటు ఇంకా మెత్తగా ఉందో లేదో చూడటానికి సులువైన గుర్తు ఉంది. నడుస్తున్న వైబ్రేటర్ సూది దాని సొంత బరువుతో దిగి, తీసేటప్పుడు గుంత పూడుకుంటే ఇంకా కలుస్తుంది. దిగకపోతే అది అతుకే. ఎండాకాలంలో ఈ గడువు బాగా తగ్గుతుంది.

తొమ్మిది బస్తాల తేడా

ఇప్పుడు ఒక స్లాబు రోజు ఊహించుకుందాం. హాలు పొడవు 18 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు. ప్రతి 3 మీటర్లకు ఒక అడ్డ బీము, మొత్తం ఏడు. స్లాబు 125 మి.మీ., బీము 230 మి.మీ. వెడల్పు, స్లాబు కింద 325 మి.మీ. లోతు. స్లాబుకి 13.5 ఘనమీటర్లు, బీములకు 3.1, మొత్తం సుమారు 16.6 ఘనమీటర్లు. 1:1½:3 పాళ్ళలో ఘనమీటరుకి ఎనిమిది బస్తాలు అనుకుంటే 133 బస్తాలు. బస్తా మిల్లర్ నాలుగు నిమిషాలకు ఒక బస్తా తిప్పితే గంటకు 15. అంటే ఎక్కడా ఆగకపోతే తొమ్మిది గంటల పని. ఉదయం ఎనిమిదికి మొదలైతే సాయంత్రం అయిదవుతుంది.

మధ్యాహ్నం రెండు గంటలకు మిల్లర్ చెడిపోయింది అనుకుందాం. అప్పటికి 90 బస్తాలు, 11.25 ఘనమీటర్లు పడ్డాయి. లెక్క వేస్తే కాంక్రీటు సరిగ్గా 12 మీటర్ల దగ్గర ఉన్న అయిదో బీము దాకా వచ్చి ఆగుతుంది. కంటికి అది చక్కటి హద్దులా కనిపిస్తుంది. బీము నిండింది, కింద గట్టి ఆసరా ఉంది, ఇక్కడ ఆపుదాం అనిపిస్తుంది. కాని మన లెక్క ప్రకారం అదే అన్నిటికన్నా చెడ్డ చోటు.

ఏం చేయాలి? తర్వాతి స్పాన్ నడిమధ్య, 13.5 మీటర్ల దాకా వెళ్ళాలి. అంటే ఒకటిన్నర మీటరు స్లాబు: 1.5 × 6 × 0.125 = 1.125 ఘనమీటర్లు. తొమ్మిది బస్తాలు. మనుషులంతా అక్కడే ఉన్నారు, ఇసుక, కంకర ఉన్నాయి. రేకు మీద చేత్తో కలిపి, సిమెంటు కాస్త ఎక్కువ వేసి, పాత అంచు బిగుసుకోకముందే తొమ్మిది బస్తాల కాంక్రీటు పోసి, పలక కట్టి ఆపాలి. దానికీ వీలుకాకపోతే మెత్తగా ఉండగానే వెనక్కి, 9, 12 మీటర్ల బీముల నడిమి భాగం దాకా స్లాబు కాంక్రీటు తీసేసి పలక కట్టాలి. అయితే పోసిన బీము స్లాబు నుంచి విడిపడుతుంది కాబట్టి ఇంజనీరును అడగకుండా అది చేయకూడదు. ముందుకు వెళ్ళడమే మేలు.

తొమ్మిది బస్తాలు, ఒక గంట కష్టం. అది చేయని చోట పాతికేళ్ళపాటు పిల్లలు వానలో పరుపులు జరుపుకుంటారు.

సెంట్రింగ్ తొందరపడి తీయకూడదు

మధ్యలో అతుకు పెట్టినప్పుడు ఆ స్పాన్‌లో సగం స్లాబు గాలిలో వేలాడుతున్నట్టే. దాన్ని మోసేది సెంట్రింగ్. కాబట్టి రెండో సగం పోసి, అది కూడా బలం పుంజుకునేదాకా ఆ స్పాన్ కింద ఒక్క బాదు కూడా కదపకూడదు. మామూలు సిమెంటుతో 4.5 మీటర్ల లోపు స్పాన్ స్లాబులకు 7 రోజులు, అంతకుమించితే 14 రోజులు, 6 మీటర్ల లోపు బీములకు 14 రోజులు, అంతకుమించితే 21 రోజులు బాదులు ఉంచాలని ఐ.ఎస్. 456 చెబుతుంది. అతుకు ఉన్న స్పాన్‌కి ఈ రోజులు రెండోసారి పోసిన తేదీ నుంచి లెక్కపెట్టాలి, మొదటి తేదీ నుంచి కాదు. సెంట్రింగ్ అద్దె మిగులుతుందని తొందరపడితే ప్రాణాల మీదికి వస్తుంది.

మడులు కట్టి నీళ్ళు నిలపడం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఎండలు మండుతుంటే 10 రోజులు. బూడిద కలిపిన పి.పి.సి. సిమెంటుకి కనీసం 10 రోజులు, వీలైతే 14. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా దొరికేది పి.పి.సి. కాబట్టి బస్తా మీద చూసి లెక్క పెట్టుకోండి.

నాన్న అడిగిన మాట

ఈ పాఠం మాకు పూర్తిగా అర్థమైంది క్లాసులో కాదు, ఇంట్లో. మా నాన్న ఇరవై ఏళ్ళుగా స్లాబు పనులకు వెళ్తున్నారు. ఒక సెలవు రోజున "పని ఆపాల్సి వస్తే ఎక్కడ ఆపుతారు నాన్నా?" అని అడిగాం. "బీము మీద ఆపుతాం. కింద ఆసరా ఉంటది కదా" అన్నారు. తప్పు అనలేదు మేము. పది నోటు పుస్తకాలు తెచ్చి, అరచేతుల మధ్య పట్టుకుని చూపించాం. ఆయనే వేలితో నొక్కి చూశారు. రెండు మూడు సార్లు నొక్కారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఈ మాట ఇన్నేళ్ళలో మాకెవరూ చెప్పలేదు గదరా" అన్నారు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. జాయింటు ఎక్కడ రావాలో డిజైన్ చేసినవారే చూపించాలని ప్రమాణంలో రాసి ఉంది. కాని మేము ఇంటర్న్‌షిప్‌లో చూసిన చిన్న పనుల డ్రాయింగుల్లో ఒక్కదానిలోనూ ఆ గీత కనబడలేదు. గీత గీయాల్సిన వాళ్ళు గీయలేదు. తట్ట మోసే మనిషికి తోచిన చోట ఆపాడు. చివరికి "కూలోళ్ళు సరిగ్గా చేయలేదు" అన్న మాట మాత్రం ఆ మనిషికే మిగులుతుంది.

కాబట్టి తమ్ముళ్ళారా, మీలో ఇంజనీర్లయ్యేవారు మీ డ్రాయింగులో ఆ గీత గీయండి. స్లాబు ముందురోజే ఎన్ని బస్తాలు, ఎన్ని గంటలు అని లెక్క వేసి, ఆగితే ఎక్కడ ఆగాలో మేస్త్రికి చూపించి, సెంట్రింగ్ పలక మీద రంగుతో గుర్తు పెట్టండి. ఇంజనీర్లు కానివారు, సెలవుల్లో పనికి వెళ్ళేవారు, ఉదయం మిల్లర్ తిరగకముందే ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, ఇవాళ ఆపాల్సి వస్తే ఎక్కడ ఆపుదాం?" ఆ ప్రశ్న అడగడానికి డిగ్రీ అక్కరలేదు.

మీరే చేసి చూడండి

1. నాలుగు మీటర్ల స్పాన్ స్లాబులో అతుకు పెట్టదగిన భాగం బీము నుంచి ఎంత దూరంలో మొదలై ఎంత దూరంలో ముగుస్తుంది? (జవాబు: 1.33 మీటర్ల నుంచి 2.67 మీటర్ల దాకా.)

2. చదరపు మీటరుకి 6 కిలోన్యూటన్ల బరువున్న 4 మీటర్ల స్పాన్‌లో బీము దగ్గర కోత ఎంత? బీము నుంచి 1 మీటరు దూరంలో ఎంత? (జవాబు: మీటరు వెడల్పుకి 12, 6 కిలోన్యూటన్లు.)

3. మీరు పడుకునే గది పైకప్పు చూడండి. తిన్నటి గీత ఏదైనా ఉందా? ఉంటే అది బీము నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి, మంచి చోట ఉందో చెడ్డ చోట ఉందో మీరే నిర్ణయించండి.